పిచ్చుక పాలపన్ను

బజారు మలుపులో, మందుల షాపుకీ తాళాల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఒక కుట్టుపని కొట్టు ఉంది. కొత్త బట్టలు కుట్టే కొట్టు కాదది. పొడుగు ప్యాంట్లు కురచ చేయడం, చిరిగిన జేబులు అతకడం, పిల్లలు చూస్తుండగానే ఎదిగిపోతే వాళ్ళ స్కూలు బట్టల మడతలు విప్పి కిందికి దించడం, అలాంటి పని. ఆ కొట్టావిడకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, అది ఎప్పుడో వాడుక తప్పిపోయింది. అందరూ బొత్తాలమ్మ అంటారు. గోడ పొడుగునా గాజు సీసాల నిండా బొత్తాలే. ఎవరి చొక్కాకి ఏ బొత్తాం ఊడినా దానికి జత తీసి ఇస్తుంది. ఇచ్చి ఊరుకుంటుందా? "ఈ రకం బొత్తాం మీ పెద్దనాన్న కోటుకి ఉండేది బాబూ, ఉద్యోగానికి వెళ్ళేరోజు కంగారులో ఒకటి కిందా ఒకటి పైనా పెట్టుకుని పోయాడు, అయినా ఉద్యోగం ఇచ్చారు" అని మొదలుపెట్టి, ఆ పెద్దనాన్న అత్తగారి ఆపరేషన్ దాకా వెళ్ళాక గానీ చిల్లర చేతికి రాదు. ఆవిడ నోటికి తాళం వేయడం పక్క కొట్టు తాళాలాయన వల్ల కూడా కాలేదు.

అన్నీ చెప్పే ఆ నోరు ఒక్క చోట మాత్రం ముడుచుకుపోయేది. మిషన్ ఎడమ చేతి సొరుగులో, బాబిన్ల వెనక, ఒక చిన్న రేకు డబ్బా ఉండేది. ఒకప్పుడు హుక్కులొచ్చిన డబ్బా. మూత తీస్తే దూది, దూది విప్పితే ఒక పాలపన్ను. పొద్దున కొట్టు తలుపు తీయగానే, ఇంకా లైటైనా వేయకముందే, ఆ పన్నుని ఒకసారి పెదవులకి ఆనించుకుని మళ్ళీ దూదిలో చుట్టి పెట్టేసేది. ఆ తరవాతే మిషన్‌కి నూనె, కత్తెరకి సాన.

ఆ పన్ను ఆవిడ కొడుకుది.

వాడిని పిచ్చుక అని పిలిచేవారు. పొద్దస్తమానం కిచకిచమంటూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు మరి. తల్లి నోరంతా వాడికే వచ్చిందనేవారు. మాటలు నేర్చినప్పుడు వాడు అందరు పిల్లల్లాగే ఉన్నాడు. ఆ తరవాత మెట్లెక్కడానికి గోడ పట్టుకోవడం మొదలైంది. నేల మీంచి లేవాలంటే మోకాళ్ళ మీద, తొడల మీద చేతులు వేసుకుని, చెట్టెక్కినట్టు తన ఒంటి మీద తనే పాక్కుంటూ లేచేవాడు. పిక్కలు చూస్తే వస్తాదు పిక్కల్లా ఉండేవి. "వీడు పెద్ద ఆటగాడవుతాడు చూడండి" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. స్కూలు చదువు సగంలో ఉండగానే కాళ్ళు వాడి మాట వినడం మానేశాయి. చక్రాల కుర్చీ వచ్చింది. కండరాల జబ్బు అన్నారు డాక్టర్లు. అలాంటివి బోలెడు రకాలున్నాయట. వీడిది ఏ రకమో, ఎందుకొచ్చిందో తేల్చి చెప్పే పరీక్షలు అప్పట్లో అక్కడ లేవు.

కుర్చీ వచ్చాక పిచ్చుక కొట్టులోనే, తల్లి మిషన్ పక్కనే కూర్చునేవాడు. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బొత్తాలు రంగుల వారీగా ఏరేవాడు. బొత్తాలే వాడికి మనుషులు. నాలుగు కన్నాలది పోలీసు, రెండు కన్నాలది పక్కింటి ముసలమ్మ, కోటు బొత్తాం హెడ్‌మాస్టరు. వాళ్ళందరూ ఉండడానికి దారాలొచ్చే అట్టపెట్టెతో ఇల్లొకటి కట్టాడు. కత్తిరించిన కిటికీలు, వాలు కప్పు, ఆ కప్పు మీద పొగగొట్టానికి ఖాళీ అయిన చెక్క దారపు రీలు. ఆ ఇల్లు ఇప్పటికీ కొట్టులో పై అర మీద ఉంది. దుమ్ము దులిపినప్పుడల్లా అందులో ఏదో గలగలమంటుంది. "హెడ్‌మాస్టరుగారు ఇంకా ఇల్లు ఖాళీ చేయలేదు" అనుకుంటుంది బొత్తాలమ్మ.

మీసం మొలవకముందే పిచ్చుక వెళ్ళిపోయాడు. మిషన్లు బాగుచేసే మేస్త్రి, అంటే బొత్తాలమ్మ భర్త, కొడుకు పోయాక ఎక్కువ కాలం లేడు. మిగిలింది తల్లీ, పిచ్చుకకి రెండేళ్ళు పెద్దదైన అక్కా.

ఆ అక్క ఇప్పుడు సిటీ బస్సు నడుపుతుంది. అంత పొడుగు బస్సుని ఇరుకు సందులో సూదిలో దారం ఎక్కించినట్టు తిప్పగలదు. మనిషి గట్టిది, మాట కటువు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే అబ్బాయిని పెళ్ళాడింది. అతను ఆవిడకి పూర్తిగా ఎదురు. ఇల్లు తగలబడుతున్నా ముందు ఒక జోకు వేసి ఆ తరవాత నీళ్ళు తెచ్చే రకం.

వాళ్ళకి పిల్లలు లేరు. పుట్టక కాదు, ఆవిడ కననంది. తమ్ముడి కుర్చీ తోసిన చేతులవి. "వద్దు" అని పెళ్ళికి ముందే చెప్పింది, అతను సరేనన్నాడు. అయితే వద్దన్న మనిషి మనసులో ఏముందో మిగతావన్నీ చెప్పేస్తుండేవి. స్కూలు పిల్లలు రోడ్డు దాటుతుంటే ఆఖరి పిల్లాడు గేటు లోపలికి వెళ్ళేదాకా బస్సు కదిలేది కాదు, వెనక కార్లు ఎన్ని హారన్లు కొట్టినా సరే. బస్సులో మరిచిపోయిన చంటిపిల్లల మేజోడు డిపోలో ఇవ్వాల్సింది పోయి చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది ఒకసారి. భర్త చూశాడు. ఆ ఒక్కసారి జోకు వేయలేదు.

వయసు ఎవరి కోసమూ ఆగదు కదా. ఒకనాడు ఆవిడే కొట్టుకొచ్చి, కటింగ్ బల్ల మీద మోచేతులు ఆనించి, "అమ్మా, వంశంలో ఉన్న జబ్బుల గురించి చూసి చెప్పే చోటు ఒకటుందట పెద్దాసుపత్రిలో. రక్తం చూస్తారు. పుట్టే బిడ్డకి వస్తుందో రాదో చెబుతారు. నువ్వు కూడా రావాలి" అంది.

"నేనెందుకే? నాకిప్పుడు బిడ్డలు పుడతారా?"

"మన వాళ్ళందరి సంగతులూ కావాలట. ఎవరు ఎలా పోయారో, ఎవరికి ఏముందో. నాకేం తెలుసు? నీ నోట్లో ఉంది కదా పెద్ద గోడౌను!"

ఆ మాటకి బొత్తాలమ్మ పొంగిపోయింది. తన మాటలు వినడానికి డాక్టర్లు కబురు పెట్టారంటే మాటలా!

ఆసుపత్రిలో ఆ గది చూస్తే ఆసుపత్రి గదిలా లేదు. మంచం లేదు, మందుల వాసన లేదు. గుండ్రటి బల్ల, నాలుగు కుర్చీలు, బల్ల మీద కాగితం రుమాళ్ళ డబ్బా. ఏడ్చే పనేదో ఉంటుందని ముందే అనుకుని పెట్టినట్టున్నారు. ఎదురుగా కూర్చున్న కౌన్సెలర్ ఇంకా చిన్నపిల్ల. తెల్ల కాగితం పరిచి, ఆడవాళ్ళకి సున్నా, మగవాళ్ళకి చదరం, పెళ్ళికి అడ్డగీత, పిల్లలకి నిలువు గీత గీసుకుంటూ పోయింది. అప్పటికప్పుడు బొత్తాలమ్మ ఆ పిల్లకి గీతలమ్మాయి అని పేరు పెట్టేసింది.

"మీ అన్నదమ్ములు ఎంతమందమ్మా?" అని గీతలమ్మాయి అడగడమే తడవు.

"ఇద్దరమ్మా. పెద్దాయన పెళ్ళిలో వాన. అంత వాన నేను మళ్ళీ చూడలేదు. చిన్నాయనకి కోపం ముక్కు మీద ఉండేది..."

"అత్తయ్యా, ఆవిడ చదరం గీసేశారు. కోపానికి, వానకీ గుర్తులు లేనట్టున్నాయి" అన్నాడు అల్లుడు.

"మీరుండండి బాబూ! వివరంగా చెప్పమన్నారు, చెబుతున్నాను."

గీతలమ్మాయి నవ్వింది గానీ తొందరపెట్టలేదు. అలా వినగా వినగా, మేనమామ దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద పెన్ను ఆగింది. బొత్తాలమ్మ తల్లికి ఒక తమ్ముడు ఉండేవాడు. ఎప్పుడూ పీట మీదే కూర్చుని ఉండేవాడు. బద్ధకస్తుడని వాళ్ళ నాన్న తిట్టేవాడు. "మా తాత తిట్టినప్పుడల్లా ఆయన చేతులతో నేలని తోసుకుంటూ పీటతో సహా పక్క గదిలోకి జరిగిపోయేవాడమ్మా. మేం నవ్వేవాళ్ళం" అంటూనే బొత్తాలమ్మ ఆగిపోయింది. ఇన్నేళ్ళు తను నవ్వుతూ చెప్పుకొచ్చిన కథ ఏమిటో అప్పుడు తెలిసింది. గీతలమ్మాయి ఆ చదరాన్ని నెమ్మదిగా నల్లగా నింపింది. పిచ్చుక చదరం అంతకుముందే నల్లగా ఉంది. ఆ రెంటికీ మధ్యలో, తెల్లగా, ఏమీ ఎరగనట్టు ఉన్న సున్నా బొత్తాలమ్మది.

"అంటే ఇది నా నుంచేనా వాడికి వెళ్ళింది?"

"వెళ్ళి ఉండొచ్చమ్మా. ఇంకా తెలియదు. మన కంటి రంగు మనం ఎంచుకుని ఇవ్వం కదా, ఇదీ అంతే. ఎవరూ కావాలని ఇచ్చేది కాదు" అంది గీతలమ్మాయి. అని, కాగితం రుమాళ్ళ డబ్బా ఆవిడ వైపు జరిపింది. తల్లి, కూతురు ఇద్దరూ రక్తం ఇచ్చి వచ్చారు.

కొన్ని వారాలకి మళ్ళీ పిలిచారు. ఇద్దరి రక్తంలోనూ ఒకే చోట ఒక చిన్న మార్పు కనబడిందట. అయితే అది చెడ్డదో కాదో ఇంతవరకు ఎవరికీ తెలియదట. ప్రపంచంలో ఇంకెవరిలోనూ అలాంటిది చూసినట్టు లేదట.

"ఒక ఇంట్లో దొంగతనం జరిగింది, వీధిలో ఒక కొత్త మనిషి కనబడ్డాడు అనుకోండి. కొత్తవాడైనంత మాత్రాన దొంగ అనలేం. దొంగతనం జరిగిన ఇంట్లో అతని ఆనవాలు దొరకాలి" అంది గీతలమ్మాయి. "మీ తమ్ముడిలో ఈ మార్పు ఉంటే, చాలావరకు ఇదే కారణమని చెప్పగలం. అప్పుడు మీకు కడుపు పండితే బిడ్డకి ఇది వచ్చిందో లేదో ముందే చూడొచ్చు. అతనిలో లేకపోతే, దీన్ని వదిలేసి ఇంకెక్కడో వెతకాలి. అతనిది ఏదైనా మిగిలి ఉందా? అప్పట్లో తీసిన రక్తం గానీ, కండ ముక్క గానీ? కొంతమంది తల్లులు పాలపళ్ళు దాస్తారు. వాటిలోంచి కూడా తీయొచ్చు."

కూతురు తల్లి వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

"తీశాక తిరిగి ఇస్తారా?" అడిగింది బొత్తాలమ్మ.

"లేదమ్మా. పొడి చేయాలి."

"అలాంటిదేం లేదు మా దగ్గర" అనేసింది బొత్తాలమ్మ. ఆవిడ జీవితంలో ఇంత పొట్టి మాట మాట్లాడడం అల్లుడు అదే మొదటిసారి వినడం.

మర్నాడు డ్యూటీ దిగి యూనిఫారంతోనే కొట్టుకొచ్చింది కూతురు.

"సొరుగులో ఉన్నదేంటమ్మా?"

"బాబిన్లు."

"అమ్మా!"

"నా ప్రాణం తియ్యకే. వాడి ఒంట్లోది నాకు మిగిలిందల్లా అదొక్కటి. దాన్ని రోట్లో వేసి దంచుతారట. దంచనిస్తానా?"

"నాకు బిడ్డ కావాలమ్మా" అంది కూతురు. ఆ మాట పైకి అనడం ఆవిడకీ అదే మొదటిసారి. అన్నాక తన గొంతుకి తనే ఉలిక్కిపడ్డట్టు, వెంటనే దెబ్బలాటలోకి దిగిపోయింది. "అయినా నాకెందుకిస్తావులే! వాడి పన్ను దూదిలో పెట్టుకున్నావు. నా పళ్ళన్నీ ఇంటి కప్పు మీదకి విసిరెయ్యమన్నావు. ఒక్కటంటే ఒక్కటి దాచావా? కిటికీలో పెట్టుకున్నది ఒకటి మాయమైపోయి, అక్కడ ఇంక పన్ను రాదేమోనని నేను గుక్కపెట్టి ఏడుస్తుంటే, వెతకడానికి కూడా లేవలేదు నువ్వు. మిషన్ తొక్కుకుంటూ, 'చీమలు పట్టుకుపోయి ఉంటాయిలే' అన్నావు."

"నీకు కాళ్ళున్నాయి కదే తల్లీ. నీ కోసం దిగులుపడడానికి నాకు తీరికెక్కడ ఏడ్చింది?"

"అదే, ఆ తీరికే. పాతికేళ్ళ నుంచి దాని కోసమే చూస్తున్నాను" అని కూతురు టోపీ నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు తల్లీ కూతుళ్ళకి మాటల్లేవు. అల్లుడే అటూ ఇటూ తిరుగుతూ, "అత్తయ్యా, మీ అమ్మాయి ఇవాళ నాతో మూడు మాటలు మాట్లాడింది. అందులో రెండు తిట్లు. ఫర్వాలేదు, కోలుకుంటోంది" అని కబురు చెప్పేవాడు.

ఐదోనాడో ఆరోనాడో మాటలాడకుండానే టిఫిను డబ్బా ఇచ్చిపోదామని వచ్చింది కూతురు. బొత్తాలమ్మ లోపల ఇస్త్రీ చేస్తోంది. బల్ల మీద ఎవరో చంటిబిడ్డ గౌను ఇచ్చి వెళ్ళారు, బొత్తాలు వేయమని. అరచేయంత గౌను. కూతురు దాన్ని చేతిలోకి తీసుకుంది. తల్లి చూస్తోందని తెలియదు. ఉన్న బొత్తాలు ఒక్కొక్కటే కాజాల్లో పెట్టింది. మెడ దగ్గర సరిచేసింది. లోపల బిడ్డ ఉంటే నలిగిపోతుందేమో అన్నంత మెల్లగా దాన్ని భుజానికి ఆనించుకుంది. ఒక్క క్షణమే. మళ్ళీ బల్ల మీద పెట్టి, మడత కూడా సరిచేసి, వెనక్కి తిరిగింది.

బొత్తాలమ్మ రోజూ పొద్దున్నే సొరుగు దగ్గర చేసే పని అదే. ఉన్నవాడు లేకుండా పోయి తను చేస్తోంది. రావలసింది రాక కూతురు చేస్తోంది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, బాబిన్లు పక్కకి తోసి, డబ్బా తీసి కూతురి చేతిలో పెట్టింది.

"తీసుకుపో. నా మనసు మళ్ళీ మారకముందే."

కూతురు ఏదో అనబోయింది. "ఏం మాట్లాడకు. వెళ్ళు" అంది తల్లి.

ఆ తరవాత పొద్దుటిపూట బొత్తాలమ్మ చెయ్యి అలవాటు కొద్దీ సొరుగులోకి వెళ్ళేది. బాబిన్లు తగిలేవి. ఊడిన పన్ను చోటుని నాలుక వెతుక్కున్నట్టు ఆ చెయ్యి ఆ మూలని వెతుక్కునేది. బేరాలకి వచ్చినవాళ్ళకి చిల్లర తొందరగా దొరికేస్తోంది. "ఒంట్లో బాగులేదా బొత్తాలమ్మా?" అని అడిగారు కొందరు.

మూడోసారి పిలుపు వచ్చింది. ఈసారి గీతలమ్మాయి మొహంలో ఏదో తికమక ఉంది.

"ఏమనుకోకండమ్మా. ఆ పన్ను మీ అబ్బాయిదేనని మీకు గట్టిగా తెలుసా?"

"అదేం ప్రశ్న తల్లీ! నా చేత్తో తీశాను. నా చేత్తో దాచాను."

"పన్నులోంచి పరీక్షకి కావలసిన పదార్థం బాగానే వచ్చింది. అయితే అది అబ్బాయిది కాదు. అమ్మాయిది. అనుమానం వచ్చి మీ అమ్మాయి రక్తంతో పోల్చి చూశారు." గీతలమ్మాయి కూతురి వైపు తిరిగింది. "అది మీ పన్నేనండీ."

బొత్తాలమ్మ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. కూతురికి మాత్రం ముందు భుజాలు కదిలాయి. తరవాత నవ్వు తన్నుకొచ్చింది.

"అయితే... అయితే ఇన్నేళ్ళూ పొద్దున్నే లేచి నువ్వు ముద్దుపెట్టుకున్నది నన్నా?"

నవ్వీ నవ్వీ ఎక్కడో దారి తప్పి అది ఏడుపులోకి దిగింది. బల్ల మీద తల పెట్టి యూనిఫారం చొక్కా చేతులు తడిసేలా ఏడ్చింది. కాగితం రుమాళ్ళు అప్పుడు నిజంగా అక్కరకొచ్చాయి. భార్యకి రెండిచ్చి, మూడోది తన ముక్కుకి పెట్టుకున్నాడు అల్లుడు. బొత్తాలమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేసింది. ఆ వీపు ఇంత విశాలంగా ఎప్పుడైంది అనుకుంది.

ఇంతకీ పిచ్చుక పన్ను ఏమైనట్టు?

ముగ్గురూ కొట్టుకి తిరిగొచ్చి, తలుపు సగం దించి కూర్చున్నారు. బొత్తాలమ్మ కళ్ళు మూసుకుంది. ఎవరి పెళ్ళిలో వాన కురిసిందో చెప్పగల మనిషి, తన కొట్టులో ఏం జరిగిందో చెప్పలేకపోతుందా?

"ఇద్దరికీ ఒక వారంలోనే ఊడాయే" అంది కళ్ళు తెరవకుండానే. "వాడిది ముందు ఊడింది. నువ్వే ఇంటి కప్పు మీదకి విసిరి వస్తానన్నావు, వాడికి చెయ్యి పైకి లేవదు కదా. అంతకుముందువన్నీ అలాగే విసిరావు. ఆ ఒక్కటీ నేనివ్వలేదు. అంతకు రెండు రోజుల ముందే డాక్టరు నాతో ఒక మాట అన్నాడు, వీడు ఎన్నాళ్ళుంటాడో చెప్పలేమని. ఆ పన్ను విసరడానికి నాకు మనసొప్పలేదు. వాడు గోల. 'అమ్మా, కప్పు మీద పడకపోతే కొత్తది రాదు. నాకు బోసినోరు ఉండిపోతుంది' అని ఒకటే గోల. మర్నాటికి సద్దుమణిగాడు. నేను మరిచిపోయాడనుకున్నాను."

"ఆ మర్నాడే నా పన్ను కిటికీలోంచి పోయింది" అంది కూతురు నెమ్మదిగా. "ఆ కిటికీ వాడి కుర్చీకి అందుతుంది."

"అమ్మ డబ్బా ఖాళీ అయితే ఏడుస్తుందని నీది తెచ్చి పెట్టాడన్నమాట దొంగ వెధవ! వాడిది తీసుకుని..." బొత్తాలమ్మ ఆగింది. "మరి కప్పు మీదకి ఎలా వేశాడు? నీకివ్వలేదు. మీ నాన్నకిచ్చుంటే ఆయన నాకు చెప్పేవాడు. వాడి చెయ్యి భుజం దాటి లేచేది కాదు. వాడికి అందే కప్పు ఎక్కడుంది?"

అల్లుడు అప్పటిదాకా పై అర వైపే చూస్తున్నాడు. అద్దాలు అరగదీసేవాడి చూపు మరి.

"అత్తయ్యా, ఆ ఇల్లు ఎవరు కట్టారన్నారు?"

బొత్తాలమ్మ కుర్చీ వేసుకుని తనే ఎక్కింది, వద్దన్నా వినలేదు. అట్టపెట్టె ఇల్లు దించి బల్ల మీద పెట్టింది. ఊపితే ఎప్పటిలాగే గలగల. కిటికీల్లోంచి చూస్తే లోపల పోలీసు, ముసలమ్మ ఎప్పుడో జిగురుకి అతుక్కుని కదలకుండా ఉన్నారు. హెడ్‌మాస్టరు అసలు లేనే లేడు. చప్పుడు లోపలి నుంచి కాదు, పైనుంచి. దారపు రీలు పొగగొట్టం. దాని నెత్తిన మూతలా ఒక కోటు బొత్తాం, జిగురు పెట్టి అంటించి ఉంది. హెడ్‌మాస్టరుగారు ఇన్నేళ్ళూ అక్కడ కాపలా కాస్తున్నారు.

కుట్లు విప్పే చిన్న కత్తితో బొత్తాం అంచు లేపింది బొత్తాలమ్మ. రీలుని అరచేతిలోకి వంచితే, టప్పున పడింది. బియ్యపు గింజకంటే కాస్త పెద్దది. కోరపన్ను. అంచున చిన్న విరుపు. వాడు కుర్చీలోంచి జారి పడ్డప్పుడు విరిగింది.

"ఇదే" అంది. "ఈ విరుపు... ఇదేనమ్మా. ఇంతకాలం ఈ విరుపు నాకెందుకు గుర్తు రాలేదు!"

పాతికేళ్ళు వాడిది కాని పన్నుని పెదవులకి ఆనించుకుంది. అసలుది తలపైన, దుమ్ము దులిపినప్పుడల్లా, "అమ్మా ఇక్కడున్నాను" అని గలగలమని పిలుస్తూనే ఉంది. ఇప్పుడు దాన్ని గుప్పిట్లో పెట్టుకుంటే, చిన్నప్పుడు వాడి వేలు పట్టుకున్నట్టుంది. గుప్పిలి విప్పబుద్ధి కాలేదు.

"అమ్మా" అంది కూతురు. "తొందరేం లేదు. నీ దగ్గర ఉంచుకో. వచ్చే నెల ఇద్దాం. నీకు ఇవ్వాలనిపించకపోతే..." ఆవిడ తల్లి గుప్పిలి మీద చెయ్యి వేసింది. "ఇవ్వకపోయినా ఫర్వాలేదమ్మా. నిజంగానే అంటున్నాను. నాకు కావలసింది ఒకటి ఈ పొద్దున దొరికింది."

బొత్తాలమ్మ కూతురి మొహం చూసింది. కటువు మాటల కింద ఇంత మెత్తదనం ఎక్కడ దాచుకుందో ఈ పిల్ల. కిటికీలో పన్ను పోయిందని ఏడ్చిన పిల్లే కదా ఇది.

"ఆసుపత్రి ఎన్నింటిదాకా ఉంటుంది?"

"ఐదుదాకా ఉంటారు. అమ్మా, ఇవాళే వద్దు..."

"ఇవాళే. ఒక్క రాత్రి దీన్ని తలగడ కింద పెట్టుకున్నానంటే ఇంక ఆ దేవుడొచ్చినా ఇవ్వను. నా సంగతి నాకు తెలుసు. లే, బస్సు తియ్యి."

"నా బస్సు డిపోలో ఉందమ్మా. అదేమన్నా మన సొంత కారా?"

"అయితే ఎవరి బస్సో ఒకటి. నడవండి బాబూ, మీరు కూడా."

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది బొత్తాలమ్మ. గుప్పిలి ఒళ్ళో ఉంది. దారిలో ఉన్నవన్నీ వాడికి చూపిస్తున్నట్టు మనసులోనే చెప్పుకుంటూ పోయింది. ఇది నువ్వు వెళ్ళిన స్కూలు, ఇప్పుడు దానికి మెట్ల పక్కన కుర్చీలు వెళ్ళే వాలు కట్టారురా. ఇది ఐస్‌ముక్కలమ్మే కొట్టు, ఇప్పుడు ఫోన్లమ్ముతున్నాడు. ఇది మీ అక్క బస్సు వెళ్ళే రూటు. ఎంత బాగా తిప్పుతుందో నువ్వు చూడలేదు.

గీతలమ్మాయి గదికి తాళం వేసి వెళ్ళబోతోంది. వీళ్ళని చూసి మళ్ళీ తలుపు తీసింది. కథంతా విని, చిన్న గాజు సీసా తెచ్చి మూత తీసి పట్టుకుంది. బొత్తాలమ్మ గుప్పిలి విప్పలేదు.

"ఒక్క మాట అడుగుతాను తల్లీ. నిజం చెప్పు. ఈ పరీక్ష ఆ రోజుల్లో ఉండి, నా కడుపులో ఉన్నప్పుడే చూసి ఉంటే, మా పిచ్చుక వచ్చేవాడు కాదా?"

గీతలమ్మాయి సీసా కిందికి దించింది. "అది నేను చెప్పేది కాదమ్మా. అప్పుడు కూడా మీకు తెలిసింది చెప్పి, మీరేమంటే అది వినేవాళ్ళం. రానివ్వాలా వద్దా అన్నది మీ ఇష్టమే అయ్యేది."

"నేను రమ్మనేదాన్ని" అంది బొత్తాలమ్మ. "వాడు పడ్డ బాధ తలుచుకుంటే రావద్దురా నాయనా అనాలనిపిస్తుంది. వాడి మాటలు తలుచుకుంటే... నేను రమ్మనే అనేదాన్ని." కూతురి వైపు తిరిగింది. "నువ్వు ఏమంటావో నీ ఇష్టం. నువ్వు ఏమన్నా అది వాడిని వద్దన్నట్టు కాదు. తెలిసిందా?"

కూతురు తల ఊపింది.

బొత్తాలమ్మ పన్నుని పెదవులకి ఆనించుకుంది. ఈసారి సరైనదానికే. అప్పుడు సీసాలో వేసింది. సీసాలో కూడా అది టప్పుమనే పడింది.

ఆ పన్ను చెప్పవలసింది చెప్పింది. పిచ్చుకలో ఆ మార్పు ఉంది. కారణం అదేనన్న మాట ఇప్పుడు ధైర్యంగా అనవచ్చన్నారు. అంటే తల్లి నుంచి కొడుకుకీ కూతురికీ కూడా వెళ్ళింది. ఆడవాళ్ళు దాన్ని మోస్తారట, జబ్బుగా బయటపడేది ఎక్కువగా మగపిల్లల్లోనేనట. కూతురికి మగపిల్లాడు పుడితే వాడికి వచ్చే అవకాశం సగం. మిగతా సగం రాకుండా ఉండే అవకాశం. కాకపోతే ఇక చీకట్లో తడుముకోనక్కరలేదు. ఎక్కడ చూడాలో తెలిసింది గనక కడుపు నిలిచిన తొలినాళ్ళలోనే చూడవచ్చు. అంతకంటే ముందే చూసే పద్ధతులూ ఉన్నాయట. అవన్నీ గీతలమ్మాయి నిదానంగా చెప్పింది. అల్లుడు అర్థంకానివి మళ్ళీ మళ్ళీ అడిగాడు, ఒక్క జోకూ వేయకుండా.

"ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగితే, బస్సు నడిపే మనిషి మొగుడి చెయ్యి పట్టుకుని, "బయల్దేరదామనుకుంటున్నామండీ" అంది.

గీతలమ్మాయి పాత కాగితం తీసి, వాళ్ళిద్దరి మధ్య ఉన్న అడ్డగీత నుంచి కిందికి ఒక నిలువు గీత గీసింది. దాని చివర సున్నా పెట్టలేదు, చదరమూ పెట్టలేదు. చుక్కల గీతతో, ఏటవాలుగా నిలబెట్టిన డైమండు ఆకారం గీసింది.

"అదెవరమ్మా?" అంది బొత్తాలమ్మ.

"ఇంకా ఎవరో తెలియని వాళ్ళకి ఇలా వేస్తాం."

బొత్తాలమ్మ ఆ గుర్తు మీద వేలు పెట్టింది.

మర్నాడు పొద్దున్న కొట్టు తలుపు తీసింది. చెయ్యి సొరుగు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. గుడ్డ తీసుకుని అరలు తుడుస్తూ, అట్టపెట్టె ఇల్లు ఎత్తింది. చప్పుడు లేదు. ఊపి చూసింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ ఊపింది. ఏమీ లేదు. పాతికేళ్ళలో మొదటిసారి ఆ ఇల్లు నోరు మూసుకుంది. బొత్తాలమ్మ కుర్చీలో కూలబడి ఆ ఇంటిని ఒళ్ళో పెట్టుకుంది. వీధిలో జనం మొదలయ్యారు. తాళాలాయన తలుపులు తీస్తున్న మోత.

కాసేపటికి లేచింది. చంటిపిల్లల బొత్తాలుండే సీసా దించి, అందులో అన్నిటికంటే చిన్నది, గోరంతది, వెతికి తీసింది. దారపు రీలు పొగగొట్టంలో వేసి, హెడ్‌మాస్టరుగారిని మళ్ళీ మూత పెట్టింది. జిగురు మాత్రం పెట్టలేదు.

ఊపితే గలగలమంది. పాత చప్పుడు కాదది. ఆ తేడా ఆవిడ చెవికి తెలిసింది. అయినా ఇంకోసారి ఊపి, ఇంటిని పై అర మీద కాక కిటికీ గట్టు మీద, కూర్చున్న పిల్లల చేతికందే ఎత్తులో పెట్టి, మిషన్‌కి నూనె వేయడానికి వెళ్ళింది.